ఒక్క పూట

చౌటుప్పల్‌లో బస్సు ఆగింది గానీ నర్సింహ దిగలేదు.

కిటికీలోంచి మెడ బయటపెట్టి, కింద నిలబడ్డ చెల్లెలి మొగుడికి దవాఖాన చీటీ అందించాడు. "కంటి చుక్కలు దినాం మూడు మాట్ల ఎయ్యాలె, ఎల్లేశం. కంటి మీది గుడ్డ తియ్యనియ్యొద్దు. వంగనియ్యొద్దు. నెత్తి మీదికెల్లి నీళ్లు పొయ్యొద్దు. సద్దుల బతుకమ్మకు ముందట నేనే వచ్చి అమ్మను తీస్కపోత. నీకైతే పట్నం దవాఖాన దగ్గర గదా."

"ఒక్క పూట ఉండి పో బావా. దిగు."

"సజ్జ కోతకచ్చింది. కైకిలోళ్లు రేపే వస్తరు."

కండక్టరు గంట కొట్టాడు. బస్సు నార్కట్‌పల్లి దిక్కు కదిలింది. ఎల్లేశం చీటీ జేబులో పెట్టుకుని వెనక్కి తిరిగాడు. భార్య అరుణమ్మ అప్పటికే తన తల్లి రెక్క పట్టుకుని సడక్ దాటిస్తోంది. సైదమ్మ కుడికంటి మీద పచ్చగుడ్డ వేలాడుతోంది. ప్రతి అడుగుకూ ముందు కాలితో నేలను తడుముతోంది.

"ఇది ఏ ఊరే?"

"చౌటుప్పల్ అమ్మా. మన ఇంటికే పోతున్నం."

"మన ఊరు గిట్లుండదు," అని సైదమ్మ సడక్ నడుమనే ఆగిపోయింది. ఎదురుగా లారీ హారన్ కొట్టుకుంటూ వస్తోంది. ఎల్లేశం ఉరికి ఇద్దరినీ ఇవతలకు లాగాడు.

పొద్దున దవాఖానలో చూసింది అతనికింకా మింగుడు పడలేదు. పందొమ్మిది దినాలు తల్లి మంచం పక్కన బండల మీద పడుకున్నది అరుణమ్మ. కట్టు పీక్కోబోతే చేతులు పట్టుకున్నది. ముసల్ది పక్క మంచాలవాళ్లను తిడితే వాళ్లను బతిమాలుకున్నది. నర్సింహ వచ్చింది ఆ చివరి పొద్దు ఒక్కటే, ఇస్త్రీ ధోతి కట్టుకుని. డాక్టరు అతనితోనే మాట్లాడాడు. కన్ను బాగైందనీ, మెదడే మెత్తబడుతోందనీ, దానికి మందు లేదనీ, ఇంట్లో మంచిగా చూసుకొమ్మనీ చెప్పాడు. "గట్లనే సార్," అన్నాడు నర్సింహ. "మంచిగ చూస్కునుడంటే ఏం చెయ్యాలె సారూ?" అని వెనకనుంచి అరుణమ్మ అడిగింది. డాక్టరు అప్పటికే పక్క మంచం దగ్గరికి జరిగాడు. ఆ ప్రశ్న ఎల్లేశం ఒక్కడికే వినిపించినట్టుంది.

ఇల్లు సడక్‌ను ఆనుకునే ఉంటుంది. ముందు అరుగు మీద కుట్టు మిషిని, గోడకు ఆనించి బట్టల మూటలు, లోపల ఒక అర్ర, వెనక పెరడు. ఒక్కగానొక్క బిడ్డను పోయినేడే భువనగిరిలో ఇచ్చారు. ఇప్పుడు మొగుడూ పెండ్లాలే ఉంటున్నారు. అతను కుట్టిన రైకలకు ఆమె కాజాలు తీసి, హుక్కులు కుట్టి, తురుపు వేస్తుంది. పెండ్లయి ఇరవై రెండేండ్లయినా సైదమ్మ అల్లుడి ముందు మంచం మీద కూర్చున్నది లేదు, కొంగు నెత్తి మీద లేకుండా కనపడ్డది లేదు. ఆ మనిషి ఇప్పుడు అరుగెక్కి, తిన్నగా పోయి మిషిని ముందున్న స్టూలు మీద కూర్చుంది.

"అమ్మా, లే. ఆయన కూసునే జాగ అది."

సైదమ్మ ఒంటికంటితో అల్లుణ్ని కిందికీ మీదికీ చూసింది. "ఎవలే ఈ మొగోడు? మన ఇంట్లకెందుకచ్చిండు?"

ఎల్లేశం చెప్పులు విడిచి లోపలికి పోయాడు.

* * *

సద్దుల బతుకమ్మ ఇంకా ఆరు రోజులుంది. ఇంట్లో కుట్టాల్సిన రైకలు ముప్పైకి పైనే ఉన్నాయి. పండుగనాడు కొత్త రైక లేకుండా ఏ ఆడమనిషీ బతుకమ్మ ఎత్తుకోదు. ఎల్లేశం తెల్లారక ముందే లేచి చాప పరచి, సుద్దముక్కతో గీతలు గీసి, చేతులు వేరుగా, వీపులు వేరుగా కత్తిరించి, ఎవరివి వారికి పేర్చి, పైన నాపరాయి ముక్క పెట్టాడు. గాలికి కదలకుండా అట్లా పెట్టడం అతనికి అలవాటు. మిషిని ముందు కూర్చుని తొక్కుడు మీద కాలు పెట్టాడో లేదో సడక్ మీద లారీల వరస మొదలైంది.

"వచ్చిండ్రే!" అని సైదమ్మ కేక పెట్టింది. "దాయుండ్రి! బట్టలు దాయుండ్రి, గింజలు దాయుండ్రి!"

ఆమె అంత చురుకుగా వంగుతుందని ఎవరూ అనుకోలేదు. రాళ్లు నెట్టేసి కత్తిరించిన ముక్కలన్నీ దోసిట్లోకి ఎత్తుకుని లోపలికి ఉరికింది. అరుణమ్మ పొయ్యి దగ్గర జొన్న గట్క కలుపుతున్నది కలుపుతున్నట్టే వదిలి వెంటపడింది. ఎల్లేశం పోయేసరికి ఎర్ర రైక చేతులు రెండు బూడిదలో ఉన్నాయి. ఒక వీపు నీళ్ల కుండలో తేలుతోంది. మిగిలినవి ఎక్కడ కుక్కిందో తెలియలేదు.

"కుండలనా!" అని ఎల్లేశం అరిచాడు. "పొయ్యిలనా! ఏం చేస్తున్నవే నువ్వు, జర పట్టుకోరాదా?"

"రెండు చేతులే గదా ఉన్నయి నాకు," అంది అరుణమ్మ. మెల్లగానే అంది. "పద్నాలుగేండ్ల కింద గట్లనే దాసింది. పోలీస్ యాక్షన్ల మిలిట్రీ లారీలు ఊర్లకచ్చినప్పుడు."

"గిప్పుడు మిలిట్రీ యాడున్నది! అత్తా, మిలిట్రీ లేదు గిలిట్రీ లేదు. గవి ఇసుక లారీలు. ఇసుక!"

సైదమ్మ గోడకు అతుక్కుపోయింది. "వీడు వాళ్ల మనిషే," అని బిడ్డతో గుసగుసలాడింది. "చూడు, ఎట్ల అరుస్తున్నడో."

ఆ అరుపులకు పక్కింటి సకీనా పిట్టగోడ మీదుగా తల పెట్టింది. మొగుడు లతీఫ్ గాజుల మలారం మోసుకుని జాతరలు తిరుగుతాడు. ఈమె ఇంటి దగ్గర అమ్ముతుంది. గోడ చుట్టూ తిరిగి లోపలికి వచ్చి సైదమ్మ ముందు కూర్చుంది.

"పోయినయి పెద్దమ్మా. నేను సడక్ దాక పోయి చూసొచ్చిన. ఒక్క లారీ లేదు."

"లేదా?"

"అల్లా తోడు. అన్ని పోయినయి."

సైదమ్మ ఊపిరి వదిలి, ఒళ్లోంచి నలిగిన నీలం చేయి ముక్క ఒకటి తీసి సకీనా చేతికిచ్చింది.

"గట్ల అబద్ధం చెప్తే ఎట్ల, సకీనక్కా?" అన్నాడు ఎల్లేశం.

"అబద్ధమేముంది? లారీలు పోలేదా?" అని సకీనా ఆ ముక్కను అతని చేతిలో పెట్టింది. "మా అత్త నాలుగేండ్లు గిట్లనే ఉండె. నిజం చెప్పుకుంట మేం మొదటి ఏడాది ఖరాబు చేసుకున్నం."

ముక్కలు వెతికి, ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసేసరికి ఆ పూట గడిచిపోయింది. బూడిదలో పడ్డ చేతుల్లో ఒకదానికి కాలిన చుక్క మిగిలింది. ఎల్లేశం దాన్ని వెలుగుకేసి పట్టి చూసి, నోట్లో ఏదో తిట్టుకుంటూ కొత్తది కత్తిరించాడు.

* * *

మూడో రోజుకు అతను కుట్టిన రైకలు పదకొండే అయ్యాయి. వాటిలో నాలుగింటికి కాజాలు వంకరగా వచ్చాయి.

"నీ చూపు యాడ పెట్టినవే?" అని ఒకదాన్ని భార్య ఒళ్లోకి విసిరాడు. "ఎన్నడన్న గిట్ల తీసినవా?"

అరుణమ్మ రైకను కళ్లకు దగ్గరగా పట్టుకుని చూసింది. కుట్టు విప్పడం మొదలుపెట్టింది. దారం సగం లాగి ఆగింది. కాసేపటికి ఎల్లేశం తల తిప్పి చూస్తే ఆమె కూర్చునే నిద్రపోతోంది. సూది పట్టుకున్న చేయి గాల్లోనే ఉంది. లోపల సైదమ్మ "బర్రె ఈనింది, ఎవలన్న రాండ్రి," అనగానే ఆ చేయి ఉలిక్కిపడి సూది బొటనవేలిలో గుచ్చుకుంది. వేలు నోట్లో పెట్టుకుని లేచి లోపలికి పోయింది.

ఆ మధ్యాహ్నమే కార్డు కొని నర్సింహకు జాబు రాశాడు ఎల్లేశం. 'పండుగ దాకా ఆగకు. వెంటనే వచ్చి అత్తను తీస్కపో. మాతోటి అయితలేదు.' భార్యకు చదివి వినిపించాడు. ఆమె కాజాలు కుడుతూనే వింది.

మరునాడు పొద్దున బడిపంతులు భార్య శారదమ్మ తన రైకలు ఎంతవరకు వచ్చాయో చూసుకోవడానికి వచ్చింది. అరుగు చివర గోడకు ఒరిగి కూర్చున్న సైదమ్మ ఆమెను చూడగానే చేయి చాచింది.

"బిడ్డా, ఒక్క ముద్ద పెట్టు తల్లీ. నిన్నటి సంది నాకు బువ్వ పెడ్తలేరు వీళ్లు."

శారదమ్మ ముఖం మారిపోయింది. సైదమ్మ పక్కనే గట్క తిన్న గిన్నె ఉంది. మజ్జిగ చారలు ఇంకా తడిగానే ఉన్నాయి. శారదమ్మ ఆ గిన్నెను చూడలేదు. లోపలినుంచి అరుణమ్మ తడిచేతులతో బయటికి వచ్చింది.

"గిప్పుడే తిన్నదమ్మా. నేనే తినిపించిన."

"కన్నతల్లి గదా అరుణమ్మా," అంది శారదమ్మ, గొంతు తగ్గించి. "పిడికెడు బువ్వకు ముసలామె గిట్ల చెయ్యి చాపుతుంటే చూసేటోళ్లకు మంచిగుండదు."

అరుణమ్మ మొగుడి వైపు చూసింది. ఎల్లేశానికి చెప్పాల్సిన మాట నోటి దాకా వచ్చింది. 'తిన్నదమ్మా, నేను చూసిన' అంటే సరిపోయేది. కానీ శారదమ్మవి నాలుగు రైకలున్నాయి. బడి పక్క వాడకట్టంతా ఆమె మాట మీదే ఇక్కడికి వస్తుంది. అతను తల వంచి బాబిన్‌లో దారం ఎక్కించుకున్నాడు.

శారదమ్మ పోయాక అరుణమ్మ ఆ గిన్నె తీసుకుని పెరట్లోకి నడిచింది. గిన్నె బండ మీద ఎగిరి పడ్డ చప్పుడు వినిపించింది. తర్వాత తోముతున్న చప్పుడు వినిపించింది. చాలాసేపు తోమింది.

* * *

అయిదో రోజు పొద్దున అరుణమ్మ తల్లి పక్కబట్టలన్నీ మూటగట్టి నెత్తికెత్తుకుంది. రెండు రోజులుగా సైదమ్మ పక్క తడుపుతోంది.

"చెరువు కాడికి పోయొస్త. పగటీలి చుక్కలెయ్యాలె, గప్పటి వరకు వస్త," అంది.

సూర్యుడు నెత్తి మీదికి వచ్చాడు. ఆమె రాలేదు. ఎల్లేశం మిషిని ఆపి సడక్ దాకా పోయి చూశాడు. తిరిగి వచ్చేసరికి సైదమ్మ చేతిలో అతని టేపు ఉంది. దాన్ని వేలికి చుట్టుకుంటోంది.

"ఇటియ్యి అత్తా."

"నాది."

టేపు వదిలేసి మందు సీసా తెచ్చాడు. సైదమ్మ తల అటూ ఇటూ తిప్పింది. పచ్చగుడ్డ పైకెత్తబోతే చేయి మీద కొట్టింది. "దొంగ! నా ముక్కుపుల్ల కోసమొచ్చిండు!" అని సడక్‌కు వినపడేలా అరిచింది. అటుగా పోతున్న ఇద్దరు ఆగి చూశారు. ఎల్లేశం సీసా కింద పెట్టి, సకీనా చేసినట్టు ఆమె ముందు కూర్చున్నాడు.

"దొంగ పోయిండు," అన్నాడు. తన గొంతు తనకే ఎబ్బెట్టుగా వినిపించింది. "నేను చూసొచ్చిన. సడక్ దాటి పోయిండు."

"పోయిండా?"

"పోయిండు. నువ్వు మీదికి చూడు, కప్పు మీద ఉన్నడేమో."

ఆమె తల పైకెత్తింది. రెండు చుక్కలు పడ్డాయి. ఒకటి కంట్లో, ఒకటి చెంప మీద.

బువ్వ కలిపి పెట్టాడు. నాలుగు ముద్దలు తిని గిన్నె తోసేసింది. పది నిమిషాలకు బువ్వ పెట్టమంది. మళ్లీ పెట్టాడు. మళ్లీ తోసేసింది. మిషిని దగ్గరికి పోయి ఒక్క భుజం కుట్టేలోగా వెనక తలుపు చప్పుడైంది. పోయి పెరట్లోంచి పట్టుకొచ్చాడు. మళ్లీ కూర్చున్నాడు. మళ్లీ లేచాడు. ఆ భుజం ఎన్నిసార్లు మొదలుపెట్టాడో లెక్క తప్పింది.

నాలుగోసారో అయిదోసారో లేచినప్పుడు సైదమ్మ అర్ర నడుమ నిలబడి ఉంది. కదలడం లేదు. చీర కుచ్చెళ్లు తడిసి కాళ్లకు అతుక్కున్నాయి. వాసన వచ్చింది. తడిపింది ఒక్కటే కాదు.

ఎల్లేశం గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. "సకీనక్కా!" అని గోడ అవతలికి పిలిచాడు. జవాబు లేదు. ఆమె ఇంటి తలుపు దగ్గరగా వేసి ఉంది. సడక్ వైపు చూశాడు. ఆడమనిషి ఎవరన్నా వస్తే బాగుండునని నిలబడ్డాడు. ఒక బండి పోయింది, ఒక సైకిలు పోయింది. ఈగలు మూగుతున్నాయి. ఇక ఎవరూ రారని తెలిశాక బకెట్ నింపి పెరట్లో పెట్టాడు. సైదమ్మ చేయి పట్టుకుని బండ దగ్గరికి నడిపించాడు. ఆమె ఎదురు తిరగకుండా వచ్చింది.

"నాకేం ఖర్మమిది," అని పైకే అన్నాడు. "కొడుకు సజ్జలు కోసుకుంటున్నడు. నేను గీడ..."

చీర విప్పబోతుంటే సైదమ్మ చేయి పైకి లేచింది. కొడుతుందనుకున్నాడు. ఆ చేయి పైట కొంగును వెతికి పట్టుకుని, నెత్తి మీదుగా లాగి, ముఖమంతా కప్పుకుంది. అతను ఎవరో ఆమెకు తెలిసినట్టు లేదు. ఎదుట ఎలా ఉండాలో చేతికి మాత్రం తెలుసు. ఎల్లేశం ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. చెంబుతో నీళ్లు నడుము కిందనే పోశాడు, నెత్తి తడవకుండా. చూడకుండానే పాత చీర చుట్టాడు, ఎన్నో ఏండ్లుగా కొలతలు చూపుతోనే తీసుకున్న మనిషి ఇప్పుడు వేళ్లతో తడుముకుంటూ ముడి వేశాడు. తర్వాత అర్రంతా కడిగాడు. కడిగి వచ్చి అరుగు మీద కూలబడ్డాడు. చేతులకు వాసన పోలేదు. ఆ చేతులతో కొత్త బట్ట ముట్టబుద్ధి కాలేదు.

"ఆకలైతున్నది బిడ్డా," అంది సైదమ్మ లోపలినుంచి.

పొద్దు గుంకే వేళకు అరుణమ్మ వచ్చింది. వెనకే సకీనా వచ్చింది.

"యాడ సచ్చినవే!" ఎల్లేశం అరుగు మీంచి లేచాడు. "పగటీలి వస్తనంటివి! ఒక్క రైక గాలే, ఒక్కటంటే ఒక్కటి. దినమంతా ఆగమైంది నాది!"

అరుణమ్మ ఒక చెంప మీద చాప అచ్చులు పడి ఉన్నాయి.

"ఆమెను అనకు," అంది సకీనా. "మూట దించుకుందామని నా గడప కాడ కూసున్నది, కూసున్నకాన్నే ఒరిగింది. నేనే లోపల పండవెట్టి తలుపు దగ్గరకేసిన. నువ్వు పిలిచింది గూడ ఇన్న."

"ఇని గూడ రాలేదా?"

"రాలే."

"నా పని పండుగ పని అక్కా. ఊరోళ్లకు ఏమని చెప్పాలె?"

"గా పిల్ల పని దినాం ఆగమైతలేదా? ఆమె ఎవలకు చెప్పుకోవాలె?" అని సకీనా వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

అరుణమ్మ తల్లి దగ్గర కూర్చుని పచ్చగుడ్డ ఎత్తి చూసింది. చీర మారి ఉండటం చూసింది. బండ మీద తడి చూసింది.

"చుక్కలెన్ని మాట్ల ఏసినవ్?"

"ఒక్క మాటు."

"ఇంకొక మాటు ఎయ్యాలె," అని సీసా అందుకుంది. ఇంకేమన్నా అంటుందని ఎల్లేశం చాలాసేపు చూశాడు. ఆమె తల్లి తల పైకెత్తి చుక్కలు వేసింది.

* * *

మరునాడు పొద్దున బస్సుకు నర్సింహ వచ్చాడు. ఎల్లేశం అప్పుడే శారదమ్మకు రైకలు పండుగకు అందవని చెప్పి పంపాడు. ఆమె మాటలు ఇంకా చెవుల్లోనే ఉన్నాయి.

అరుగెక్కుతున్న కొడుకును చూడగానే సైదమ్మ కొంగు సర్దుకుంది. "నర్సింహా, వచ్చినవా కొడుకా? సజ్జలెట్లున్నయి? పిల్లలు మంచిగున్నరా? కోడలు నడుము నొప్పి తగ్గిందా?"

ఎల్లేశం నోరు తెరుచుకుని చూశాడు. ఆరు రోజుల్లో ఆ నోటినుంచి ఇంత వరసైన మాట రాలేదు.

"మంచిగనే ఉన్నది గదా!" అన్నాడు నర్సింహ. జేబులోంచి కార్డు తీశాడు. "నువ్వు గిట్ల రాస్తే ఏమో అనుకుని గుండె పట్టుకుని వచ్చిన. ఊకె పరేషాన్ చేసినవ్."

"ఒక్క పూట ఉండు బావా, తెలుస్తది."

"ఉండనీకెక్కడిది, పన్నెండు గంటల బస్సుకు పోవాలె. అమ్మను తయారు చెయ్యి చెల్లె. ఊర్ల గూడ మాటలు పడుతున్న, తల్లిని అల్లునింట్ల పడేసిండని." కండువాతో మెడ తుడుచుకుని మంచం మీద కూర్చున్నాడు. "జాగ చేసిపెట్టినం. పశువుల కొట్టం పక్కన అడ్డగోడ పెట్టిచ్చిన. తలుపున్నది. బయట గొళ్లెం పెడితే యాడికి పోదు. బాయిల పడ్తదన్న భయముండదు. మీ వదినె రెండు పూటలు బువ్వ పెడ్తది. ఏం చెయ్యమంటవ్, నలుగురు పిల్లలు, రెండు బర్లు, ఆమెకా నడుము లేవది."

అతను దాచుకోకుండానే చెప్పాడు. ఆలోచించి చేసిన ఏర్పాటే అది.

అరుణమ్మ లోపల తల్లి చీరలు మడత పెట్టి మూట కడుతోంది. మందు సీసా, దవాఖాన చీటీ అందులో పెట్టి ముడి వేసింది. మూట తెచ్చి అన్న పక్కన పెట్టింది. కళ్లు పొడిగా ఉన్నాయి. "తీస్కపో అన్నా."

ఎల్లేశం కార్డులో అడిగింది ఇదే. అయినా ఆ కొట్టం మాట, గొళ్లెం మాట అతను ఓర్చుకోలేకపోయాడు.

"కొట్టంలకెందుకు?" అన్నాడు. "ఉండనీ. ఈన్నే ఉండనీ."

అరుణమ్మ మొగుడి వైపు తిరిగింది.

"ఒక్క పూట చూసినవ్," అంది. "ఒక్క పూట చూసి ఉండనీ అంటున్నవ్."

"గది కాదే..."

"నేను ఇరవై అయిదు దినాల సంది చూస్తున్న. రాత్రి లేదు, పగలు లేదు. మొన్న శారదమ్మ అన్నప్పుడు నీ నోట్లకెల్లి ఒక్క మాట రాలే." ఆమె గొంతు పెరగలేదు. "గా రాత్రి కాజాలు కోస్తుంటే అమ్మ ఊకె బట్ట లాగుతున్నది. నా చేతిల కత్తెర ఉన్నది. కత్తెర దిక్కు చూసిన, అమ్మ దిక్కు చూసిన. నాకే భయమైంది. లేచి కత్తెర దూలం మీద పెట్టిన. అది తెల్వదు నీకు. పొద్దుగాల కత్తెర యాడ పెట్టినవని నన్నే తిట్టినవ్."

సైదమ్మ కొడుకు కండువా అంచును వేళ్లతో నలుపుతోంది.

ఎల్లేశం తన చేతులు చూసుకున్నాడు. "పగటీలి సంది పొద్దు గుంకే దాక నాది," అన్నాడు చివరికి. "దినాం."

"మిషిని?"

"పొద్దుగాల కుడ్త."

"పండుగ బట్టలు?"

"అందయి. అందయని చెప్తున్న కదా."

"ఆడోళ్ల పని నువ్వు చేస్తవా?" నర్సింహ నవ్వబోయి ఆగాడు. "నలుగురు ఇంటే ఏమంటరు ఎల్లేశం?"

"నిన్న చేసిన. ఎవ్వలు చూడనీకి గూడ రాలే."

"నెలకు పది దినాలు నువ్వుండాలె అన్నా," అంది అరుణమ్మ.

"మీ వదినెను పంపుత..."

"వదినె వద్దు. ఆమెకు నా తీరే అయితది. నువ్వు రా. ఇయ్యాలటి సంది. పన్నెండు గంటల బస్సు లేదు, ఏం లేదు. ఉంటే ఉండు. ఉండకుంటే గా మూట పట్టుకుని అమ్మను తీస్కపో, నేను అడ్డం రాను. ఏదన్న ఒక్కటి."

నర్సింహ మూట వైపు చూశాడు. సడక్ వైపు చూశాడు. "సజ్జలు..." అన్నాడు.

అరుణమ్మ జవాబు కోసం ఆగలేదు. మూలకున్న చాప చుట్టి చంకలో పెట్టుకుని సకీనా ఇంట్లోకి పోయింది. తలుపు మూసుకున్న చప్పుడైంది.

ఇద్దరు మొగవాళ్లూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా కూర్చున్నారు. సైదమ్మ కండువా అంచు వదిలి నర్సింహ ముఖంలోకి తేరిపార చూసింది.

"మీదే ఊరు బిడ్డా?"

నర్సింహకు మొదట అర్థం కాలేదు. "అమ్మా?"

"ఏ ఊరోనివి? దూరమా?"

"నార్కట్‌పల్లి పక్కన... మన ఊరే గదా అమ్మా."

"నార్కట్‌పల్లి దిక్కా?" సైదమ్మ ముఖం విప్పారింది. "గాడ నాకొక కొడుకున్నడు. నర్సింహ. ఎరికేనా నీకు?"

"అమ్మా, నేనే గదా నర్సింహను. గిప్పుడే మాట్లాడితివి గదా!"

"నువ్వెట్లయితవ్? నా కొడుకు పడుచు పిలగాడు." ఆమె వెనక్కి జరిగి కొంగు బిగించుకుంది. ఒంటికంట్లో బెదురు. "ఎవలే వీడు? బిడ్డా! అరుణా!"

నర్సింహ లేచి పక్కింటి తలుపు వైపు తిరిగాడు. "చెల్లె! ఓ చెల్లె, జర ఇటు..."

ఎల్లేశం అతని రెక్క పట్టుకుని కూర్చోబెట్టాడు. "ఆమెను పిలువకు."

"మరేం చెయ్యాలె? నన్ను ఎరుగుత లేదు గదా!"

"ఎరికే అని చెప్పు."

"ఏంది?"

"గా కొడుకు ఎరికేనా అని అడిగింది గదా. ఎరికే అని చెప్పు."

నర్సింహ తల్లి వైపు తిరిగాడు. సడక్ మీద పన్నెండు గంటల బస్సు వచ్చి ఆగింది. ఎవరో దిగారు, ఎవరో ఎక్కారు. కండక్టరు గంట కొట్టాడు.

"ఎరికే," అన్నాడు నర్సింహ.

"మంచిగున్నడా?"

"మంచిగనే ఉన్నడు."

"ఎందుకో వస్తలేడు బిడ్డా. ఇన్ని దినాలైంది. నా మీద ఏమన్న కోపమా?"

నర్సింహ కండువాతో ముఖం తుడుచుకున్నాడు. తుడుచుకుంటూనే ఉన్నాడు. "కోపం లేదు," అన్నాడు కండువా లోపలినుంచే. "వస్తడు."

సైదమ్మ నిమ్మళించి గోడకు ఒరిగింది. ఎల్లేశం అరుణమ్మ వదిలిపెట్టిన రైక ఒకటి ఒళ్లోకి తీసుకుని, సూదిలో దారం ఎక్కించి, మొదటి కాజా మొదలుపెట్టాడు. కాజా కుట్టడం అతనికి అలవాటు లేదు. వంకరగా వచ్చింది. విప్పాడు.

"మీదే ఊరు బిడ్డా?" అంది సైదమ్మ.

నర్సింహ ఎల్లేశం వైపు చూశాడు.

"చెప్పు," అన్నాడు ఎల్లేశం, దారం లాగుతూ. "మల్ల మొదటికెల్లి చెప్పాలె."